స్పర్ధయందు ధర్మము

సాధకుడు పందెములో పాల్గొనవచ్చునా? ఈ ప్రశ్న వినగానే మనలో కొందరు చిరునవ్వు నవ్వుదురు. పందెము బాలుర వినోదము, దానికిని ఆత్మవిచారమునకును సంబంధమేమి అని వారి భావము. మరికొందరు ముఖము ముడుచుకొని, పందెమన నేమి, ఇతరుని వెనుకకు నెట్టి తాను ముందుండవలెనను కోరికయే గదా, అది అహంకారమునకు పుట్టినిల్లు, సాధకుడు దాని ఛాయలకైన పోరాదని తీర్పు చెప్పుదురు. రెండు సమాధానములును సులభములు. సులభములగుటయే వానియందలి లోపము. మొదటివారు పందెములో నేమి జరుగునో చూడలేదు. రెండవవారు పందెగాని హృదయములో నేమి జరుగునో చూడలేదు. 1897లో మదరాసు యువకులతో మాటలాడుచు, శరీరబలము చాలనివానికి గీతాపఠనముకంటె ఫుట్‌బాల్ ఆటయే ముందుగా మేలుచేయునని చెప్పినవారు స్వామి వివేకానందులు. వారిని పూజించు మనము ఆటను తేలికగా త్రోసివేయుటకు వీలులేదు.

ఈ ప్రశ్న గ్రంథములనుండి పుట్టినది కాదు. భిలాయి ఉక్కునగరమున సెక్టర్ 7లో తెలుగు కుటుంబములు కొన్ని కూడి జరుపుకొను సత్సంగమున, ప్రసాదము పంచిన పిమ్మట, ఒక గృహస్థు అడిగినది. భిలాయిని ఎరుగని పాఠకులకొరకు ఒకటి రెండు మాటలు చెప్పవలెను. 1955లో భారత సోవియట్ ప్రభుత్వముల మధ్య కుదిరిన ఒడంబడిక ననుసరించి అచ్చటి కర్మాగారము నిర్మింపబడెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. ఆనాడు మధ్యప్రదేశమునకు చెందిన ఆ ప్రాంతము 2000 నవంబరు నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోనిది. శ్రీకాకుళము, విశాఖపట్టణము వైపులనుండి పనికై పోయిన తెలుగువారు పెక్కుమంది అచ్చటనే స్థిరపడిరి. వారి మనుమలు హిందీలో పోట్లాడుకొందురు, తెలుగులో అమ్మమ్మను పిలుతురు. సెక్టర్లుగా విభజింపబడిన ఆ పట్టణపు వీథులు వెడల్పైనవి, తిన్ననివి, ఇరుప్రక్కల వృక్షములు గలవి. షిఫ్టు మారు వేళ సైకిళ్లు బారులు బారులుగా సాగుట ఒకప్పుడు అచ్చటి నిత్యదృశ్యము. నేడు మోటారు సైకిళ్లు ఆ స్థానమును చాలవరకు ఆక్రమించినవి.

ప్రశ్న అడిగిన గృహస్థు రోలింగ్ మిల్లులో పనిచేయుచున్నాడు. నలువది యేండ్లకు లోపువాడు. ఆతని తండ్రి అన్నము డబ్బా హాండిలుకు తగిలించుకొని ముప్పది యేండ్లు సైకిలుమీదనే షిఫ్టుకు పోయివచ్చెను. కుమారుడు మోటారు బండిమీద పనికి పోయి, సైకిలును వినోదమునకు తొక్కుచున్నాడు. (తండ్రి బ్రతికియున్నచో దీనికి ఏమనునో అని ఆతడే నవ్వుచు చెప్పెను.) ఔత్సాహికుల కొరకు ఒక ఆదివారము తెల్లవారుజామున జరిగిన డెబ్బది కిలోమీటర్ల రోడ్డు పందెములో ఆతడు పాల్గొనెను. అంతకుమున్ను ఆరుమాసములు, రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన దినములందు సైతము, సాధన చేసెను. పందెములో ఆరవవాడుగా వచ్చెను. బహుమానము మొదటి ముగ్గురికే. ఆతనికి లభించినది ఒక పతకమును, ఒక ప్రశ్నయును.

ఆ ప్రశ్న అర్థమగుటకు సైకిలు పందెముయొక్క స్వభావము కొంత తెలియవలెను. పరుగు పందెమువలె ఇది ఎవరి కాళ్లు వారివిగా నుండు పందెము కాదు. దీనియందు ప్రతిపక్షి గాలి. వేగము రెండింతలైనచో గాలి ఒత్తిడి నాలుగింతలగును. ఆ ఒత్తిడిని జయించుటకు వలయు శక్తి ఎనిమిదింతలగును. చదునైన రోడ్డుమీద గంటకు ముప్పదియైదు కిలోమీటర్ల వేగముతో పోవువాడు వెచ్చించు శక్తిలో అధికభాగము గాలిని చీల్చుటకే పోవును. అయితే ముందు పోవువాని చక్రమునకు జానెడు, రెండు జానల దూరములో వెనుకనే పోవువానికి ఈ శ్రమ నాలుగవ వంతు, ఒక్కొక్కప్పుడు మూడవ వంతు తగ్గును. ముందున్నవాని దేహమే వెనుకవానికి గోడ. కావున పందెగాండ్రు గుంపుగా పోవుదురు. ఒకడు కొంతసేపు ముందు నిలిచి గాలి దెబ్బ తిని, అలసి ప్రక్కకు తొలగి, వెనుకకు జారును. రెండవవాడు ఆ స్థానమునకు వచ్చును. ఇట్లు పరస్పరము శత్రువులైనవారు డెబ్బది కిలోమీటర్లలో అరువదియెనిమిది కిలోమీటర్లు ఒకరి వీపుచాటున ఒకరు బ్రతుకుచు, మిగిలిన రెండు కిలోమీటర్లలో ఒకరినొకరు ఓడించుటకు ప్రయత్నింతురు.

ఇందు మొదటి ధర్మసంకటము కలదు. తనకు నీడయిచ్చినవానిని తుదిలో దాటిపోవుట కృతఘ్నత కాదా?

కాదని నా అభిప్రాయము. నీడ నిచ్చినవాడును అంతకుముందు నీడ తీసికొన్నవాడే. తుదిలో అందరును తమతమ శక్తికొలది పోవుదురని అందరికిని ముందే తెలియును, అందుకు అందరును సమ్మతించియే బయలుదేరిరి. అందుచేత అచ్చట వంచన లేదు. కృతఘ్నుడు వేరొకడు కలడు. వాడు మొదటినుండి చివరవరకు ఇతరుల వీపుచాటున దాగియుండి, తన వంతు వచ్చినప్పుడు అలసినట్లు నటించి, గాలికి ఒక్కమారైన ముఖము చూపక, గమ్యము కనబడగానే తాజా కాళ్లతో ముందుకు దూకును. ఫ్రెంచివారు వానిని చక్రమును పీల్చువాడు అందురు. ఆ మాటలోని అసహ్యమును గమనింపుడు. వాని నెవ్వరును శిక్షింపరు. వాడు ఏ నియమమును అతిక్రమింపలేదు. గెలిచినచో బహుమానము వానిదే. అయినను తోటివారు వాని ముఖము చూడ నిచ్చగింపరు. నియమము వేరు, ధర్మము వేరు అని ఉపన్యాసములలో మనము గంటలకొలది చెప్పుదుము. రోడ్డుమీద సైకిలు తొక్కువారికి అది ఒక్క చూపులో తెలిసినది.

గీత మూడవ అధ్యాయములో శ్రీకృష్ణభగవానుడు యజ్ఞచక్రమును వర్ణించెను. దేవతలు మానవులకు, మానవులు దేవతలకు ఇచ్చిపుచ్చుకొనుచుండ లోకము సాగును. ఆ తిరుగుచున్న చక్రమునకు తన వంతు చేయి వేయక, వచ్చినది మాత్రము అనుభవించువానిని భగవానుడు దొంగగా పరిగణించెను. దానిని చదివి మనము హోమకుండమును, నేతిని తలచుకొందుము. అంత దూరము పోనక్కరలేదు. మన యింట అందరికంటె ముందు లేచి పొయ్యి ముట్టించువారెవరో, వారి వీపుచాటున మన మెన్ని యేండ్లు పోయితిమో లెక్కించుకొన్నను చాలును. గాలి ఎవరో ఒకరు కాయవలసినదే. అది కంటికి కనబడదు, కాయువాని అలసటయు కనబడదు. అందుచేతనే దానిని ఎగవేయుట అంత సులభమైనది.

సత్సంగములోని ఒక యువకుడు ఇచ్చట ఒక ఆక్షేపణ తెచ్చెను. పరుల నీడ తీసికొనుటే ఒక దౌర్బల్యము కదా, ఒంటరిగా పోయి గెలిచినవాడే వీరుడు కదా అని. టూర్ ద ఫ్రాన్స్ అను ప్రసిద్ధమైన సైకిలు పందెమును 1903లో ప్రారంభించిన ఆంరీ దెగ్రాంజ్ అభిప్రాయమును ఇంచుమించు ఇదియే. మనుష్యుడు, యంత్రము, దారి ఈ మూడు తప్ప మరేమియు నుండరాదని ఆయన పట్టు. సైకిలు విరిగినచో తొక్కువాడే బాగుచేసికొనవలెను, ఇతరు లెవ్వరును చేయి వేయరాదు. ఈ నియమము 1913లో ఒక విచిత్రమైన పరీక్షకు గురియయ్యెను. ఉక్కునగరపు శ్రోతలు ఆ కథను ఎంతో ఆసక్తితో వినిరి గనుక ఇచ్చట కొంత విస్తరించి చెప్పుచున్నాను.

యూజేన్ క్రిస్టోఫ్ అను పందెగాడు ఆ సంవత్సరము గెలుపునకు చేరువలో నుండెను. పిరినీస్ పర్వతములలో టూర్మలే అను ఎత్తైన కనుమను ఎక్కి దిగుచుండగా ఆతని సైకిలుకు ముందుచక్రమును పట్టియుంచు ఫోర్కు విరిగెను. ఆతడు సైకిలును భుజమున వేసికొని, పది కిలోమీటర్లకు పైగా కొండదారిని నడచి, సెంత్ మరీ ద కాంపాన్ అను పల్లెకు చేరెను. తాను దాటివచ్చిన పోటీదారు లందరును ఒక్కరొక్కరుగా ఆతనిని దాటిపోవుచుండిరి. పల్లెలో ఒక కమ్మరి కొలిమి యుండెను. కమ్మరి సాయము చేయబోయెను గాని, వెంటవచ్చిన పందెపు అధికారులు అడ్డగించిరి. క్రిస్టోఫ్ తానే ఇనుమును కాల్చి, తానే సుత్తి పట్టి, తానే ఫోర్కును అతికెను. అయితే ఒక చేత కాలుచున్న ఇనుమును పట్టుకొని, రెండవ చేత సుత్తి పట్టువానికి కొలిమితిత్తి ఊదుటకు మూడవ చేయి ఎచ్చటినుండి వచ్చును? అచ్చటనున్న ఒక చిన్నబాలుడు తిత్తి ఊదెను. అధికారులు దానిని వ్రాసికొనిరి. నాలుగు గంటల కాలము అప్పటికే పోగొట్టుకొన్నవానికి, బాలుని సాయము పొందినందులకు మరి పది నిమిషములు శిక్ష విధించిరి. తరువాత దయతలచి మూడు నిమిషములకు తగ్గించిరి. క్రిస్టోఫ్ పందెమును విడువలేదు. మొత్తముమీద ఏడవవాడుగా పారిస్ చేరెను. 1919లో, ముందున్నవానికి పసుపుపచ్చని చొక్కా ధరింపజేయు ఆచారము మొదలైనప్పుడు, దానిని మొట్టమొదట ధరించినవాడు ఈతడే. ఆ సంవత్సరమును తుదిదినములలో ఫోర్కు మరల విరిగెను. టూర్‌ను ఆతడు ఎన్నడును గెలువలేదు.

అధికారులు చేసినది న్యాయమా? నియమపు అక్షరమును బట్టి న్యాయమే. క్రిస్టోఫ్ కూడ ఆ నియమమునకు తలవంచెను. కమ్మరిని బ్రతిమాలుకొని చాటుగా పని చేయించుకొనలేదు. ఆతని గొప్పతనము అందే యున్నది. కాని ఆ నియమము వెనుకనున్న సిద్ధాంతమును మాత్రము ఆ పల్లెకొలిమి భస్మము చేసినది. ఒంటరిగా ఎవడును ఏమియు చేయలేడు. నిప్పునకు గాలి కావలెను, గాలికి ఒక చేయి కావలెను. ఈ మాటకు సత్సంగములో ఫర్నేసు దగ్గర పనిచేయు వృద్ధుడొకడు తల యూచెను. బ్లాస్ట్ ఫర్నేసు అను పేరులోనే గాలి యున్నది, వేడిగాలిని అడుగునుండి బలముగా పంపనిదే అచ్చట ఇనుము కరుగదు అని ఆతడు యువకునకు చెప్పెను. తన్ను తానే ఉద్ధరించుకొనవలెనను బోధయు, గురుకృప లేనిదే తరణోపాయము లేదను బోధయు మన సంప్రదాయములో ప్రక్కప్రక్కనే యున్నవి. అవి పరస్పరవిరుద్ధములని తోచువారు కొలిమి దగ్గర ఒక పూట కూర్చుండుట మంచిది.

గృహస్థు మరియొక మాట చెప్పెను. చివరి పది కిలోమీటర్లలో తన మనస్సున ఒక్క ఆలోచనయు లేదనియు, ముందున్నవాని చక్రము తప్ప ప్రపంచమే లేదనియు, జపములో ఎన్నడును అట్టి ఏకాగ్రత కుదరలేదనియు, ఇది ధ్యానమునకు సమీపమైనదా అనియు అడిగెను. ఇట్లడుగువారు ఈ కాలమున చాలమంది గలరు. పర్వతారోహకులు, ఈతగాండ్రు, సంగీతవిద్వాంసులు, అందరును తమ పనియందే సమాధి యున్నదందురు. వారి అనుభవమును నేను తక్కువచేయను. ఏకాగ్రత ఎచ్చట కుదిరినను మనస్సునకు బలమే. కాని నీటియొడ్డున ఒంటికాలిమీద నిలిచిన పక్షికిని ఏకాగ్రత కలదు. మనవారు దానికి కొంగజపమను పేరు పెట్టిరి. పందెములో మనస్సు చెదరినచో తక్షణమే క్రిందపడుదుము, మోకాలు చిట్లును. ఆ భయమే మనస్సును కట్టివేయును. జపములో మనస్సు సంతకు పోయివచ్చినను ఎవ్వరును చూడరు, ఏ గాయమును కాదు. బెదిరించువాడు లేనిచోట నిలుచుట కష్టము గనుకనే జపము కష్టము.

వేగమునకు మరియొక లక్షణము కలదు. అది చూపును ఇరుకు చేయును. భిలాయికి సమీపమున నున్న రాయపురమునకు 1877లో బాలుడైన నరేంద్రుడు తన కుటుంబముతో ప్రయాణము చేసెను. రైలు అంతవరకు లేనందున చాలదూరము ఎడ్లబండిలో, వింధ్యారణ్యముల గుండ పోవలసివచ్చెను. కొండచీలికలో మిక్కిలి పెద్ద తేనెపట్టును చూచి, ఆ తేనెటీగల యుగయుగాల శ్రమను తలచుకొని బాహ్యస్మృతి కోల్పోయెనని ఆయన జీవితచరిత్రకారులు వ్రాసిరి. ఎడ్లబండిలో పోవువాడు తేనెపట్టును చూచెను. వేగముగా పోవువాడు ముందున్న చక్రమును చూచును. అట్లని ఎడ్లబండి పుణ్యము, సైకిలు పాపము అని నేననుట లేదు. వేగముతో పోవునప్పుడు ఏది మన కంటబడదో తెలిసియుండవలెనని మాత్రము చెప్పుచున్నాను. గృహస్థుని అసలు ప్రశ్న దీనితోనే ముడిపడియున్నది.

పందెము ముగియుటకు ఇంక ఎనిమిది కిలోమీటర్లుండగా, చాలసేపటినుండి ఆతనికి ముందు నిలిచి గాలి కాచుచున్న ఒక అపరిచితుడు రోడ్డుమీది గుంటలో చక్రము పడి, త్రుళ్లి, అంచున నున్న కంకరమీద పడిపోయెను. మన గృహస్థు చటుక్కున సైకిలును ప్రక్కకు త్రిప్పి తప్పించుకొని ముందుకు పోయెను. వెనుకనున్నవారును పోయిరి. ఆ తరువాత ఆతడు గమ్యము చేరెను, ఫోటో తీయించుకొనెను, ఇంటికి వచ్చి పిల్లలకు పతకము చూపెను. మూడు వారములైనను ఆ దృశ్యము ఆతనిని విడువలేదు.

“స్వామీజీ, నేను ఆగకపోవుటకు మూడు కారణములున్నవి. హఠాత్తుగా ఆగినచో వెనుకనుండి వచ్చువారందరును నామీద పడియుందురు. అంబులెన్సు మా వెనుకనే వచ్చుచున్నది. నేను వైద్యుడను కాను, ఆగి చేయగలిగినదియు లేదు. మూడును నిజములే, మా స్నేహితులందరును ఇవియే చెప్పుచున్నారు. కాని ఆ క్షణమున వీనిలో ఒకటియు నా మనస్సున లేదు. ‘ఒకడు తగ్గెను’ అని మాత్రము తోచినది. ఈ మూడు కారణములును ఇంటికి వచ్చిన తరువాత వచ్చినవి.”

ఆ మాట అనునప్పుడు ఆతని కంఠము తగ్గెను. గదిలో కొంతసేపు ఎవ్వరును మాటాడలేదు.

ఇంత నిజాయితీగా తన మనస్సును చూచినవారు అరుదు. మనలో పెక్కుమందికి కారణములు తరువాత వచ్చును, కాని అవి ముందే యున్నట్లు మనలను మనమే నమ్మించుకొందుము. చేసిన పని సరియైనదే కావచ్చును. చేయించిన భావము సరియైనది కాకపోవచ్చును. లోకము పనిని చూచి ఊరకుండును, న్యాయస్థానమునకును అంతకంటె పనిలేదు. సాధకునకు మాత్రము అచ్చటనే పని మొదలగును. మహాభారతములో అశ్వత్థామ హతుడయ్యెనని ధర్మరాజు పలికిన పలుకు మాటవరకు సత్యమే. దానిని పలికించిన ఉద్దేశము సత్యము కాదు. అంతవరకు నేలను తాకక నడచిన ఆయన రథము ఆనాడు నేలను తాకెనని వ్యాసమహర్షి చెప్పెను.

అయితే క్షణములో మెరసిన తలపునకు మనుష్యుడు బాధ్యుడా? పిలువకయే వచ్చినదే గదా? వచ్చుటకు కాదు, అంత సులభముగా వచ్చుటకు బాధ్యుడే. ఆరుమాసములు ఆతడు కాళ్లకు మాత్రమే సాధన చేయించితి ననుకొనెను. మనస్సును ఆ ఆరుమాసములు ఊరక కూర్చుండలేదు. నాకంటె ముందెవరు, వెనుకెవరు, ఎవరు తగ్గినచో నేనెచ్చట నిలుతును అని లెక్కించుటను అదియును అభ్యసించెను. అవసరమైన క్షణమున అలవాటైన లెక్కయే బయటికి వచ్చినది. భిలాయిలో తయారగు రైలుపట్టాలను పంపుటకు ముందు అతిధ్వని తరంగములతో పరీక్షింతురు. పైకి అద్దమువలె నున్న పట్టా లోపల సన్నని పగులు ఉండవచ్చును. పరీక్ష ఆ పగులును పుట్టింపదు, చూపును. పందెము ఈ గృహస్థునకు అట్టి పరీక్ష అయ్యెను. దీనినిబట్టి పందెము సాధనకు మంచిదని ఎవరైన అనబోయినచో నేను ఒప్పుకొనను. ఇంటిలో ఎవరు ఎవరిని రక్షింతురో తెలిసికొనుటకు ఇంటికి నిప్పు పెట్టుకొనము. కాని నిప్పంటుకొన్ననాడు తెలిసినదానిని మరచిపోవుటయు బుద్ధి కాదు.

స్పర్ధ రెండు విధములు. నీవు బాగుగా తొక్కినచో నేను ఇంకను బాగుగా తొక్కుదును, కావున నీవు బాగుండుము అనునది ఒకటి. నీవు లేకున్నచో నాకు చోటుండును అనునది రెండవది. బయటికి రెండును ఒక్కతీరుగనే యుండును. అదే చెమట, అదే వేగము. ప్రతిపక్షి పడిపోయిన క్షణమున మాత్రము భేదము తెలియును. మొదటివానికి నష్టమైనట్లు తోచును, రెండవవానికి లాభమైనట్లు తోచును. అరిషడ్వర్గములలో తుదిదైన మాత్సర్యము ఈ రెండవదే. పతంజలిమహర్షి చిత్తప్రసన్నతకు చెప్పిన నాలుగు భావనలలో ముదిత యొకటి, పుణ్యవంతుల మంచిని చూచి సంతోషించుట. దుఃఖించువానిమీద కరుణ చూపుట మనకు కొంత సులభము, ఎందుచేతననగా అప్పుడు మనము పైనుందుము. మనకంటె ముందు పోవువానిని చూచి సంతోషించుటయే కఠినతపస్సు.

ఆ తపస్సు అసాధ్యము కాదని పందెముల చరిత్రయే చెప్పుచున్నది. 2001లో టూర్ ద ఫ్రాన్స్‌లో జర్మనీకి చెందిన యాన్ ఉల్రిఖ్ దిగుడుదారిలో పడిపోగా, ఆతని ముఖ్యప్రతిపక్షియైన అమెరికావాడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆతడు లేచి వచ్చువరకు వేగము తగ్గించి వేచియుండెను. 2003లో లూజ్ ఆర్దిదెన్ కొండ ఎక్కునప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ పడిపోయెను. అప్పుడు ఉల్రిఖ్ వేచియుండెను. లేచివచ్చిన ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ దినపు పందెమును, తరువాత మొత్తము పందెమును గెలిచెను. ఇంతవరకు చెప్పి ఆపినచో చక్కని నీతికథ యగును. కాని కథ అచ్చట ఆగలేదు. నిషిద్ధమైన మందులు వాడినట్లు తేలినందున 2012లో ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు విజయములును రద్దుచేయబడినవి. ఉల్రిఖ్ కూడ అదే సంవత్సరము శిక్ష పొంది, 2013లో తన తప్పును ఒప్పుకొనెను. వేలమంది చూచుచున్న కొండదారిలో ధర్మము తప్పనివారు, తలుపు మూసిన గదిలో తప్పిరి.

అయినచో ఆ వేచియుండుట నటనయా? నటన అనుటకు నా మనస్సు ఒప్పదు. పడినవానిని చూచి ఆగిన క్షణమున వారు నిజముగనే ఆగిరి. మనుష్యుని శీలము ఒక్కమూసలో పోసిన దిమ్మ కాదు. ఒకచోట గట్టి, ఒకచోట బోలు. మన ఔదార్యము ఒక గదిలో నుండి, మన దొంగతనము ప్రక్కగదిలో ఎన్నేండ్లైనను కాపురముండవచ్చును, రెండింటికిని పరిచయమే కలుగకపోవచ్చును. ఇది భయము కలిగించు విషయము. మన గృహస్థుని సంగతి దీనికి తలక్రిందులు. ఆతడు ఏ మందును మ్రింగలేదు, ఎవరిని మోసగింపలేదు. ఒక్క తలపు ఆతనిని నిద్రపోనీయలేదు. వీరిలో నెవరు గమ్యమునకు దగ్గరగా నున్నారో పాఠకులే చూడగలరు.

వారికిని ఈతనికిని మరియొక భేదము కలదు. వారికి పందెము జీవనోపాధి. ఈతడు ఔత్సాహికుడు. ఇంగ్లీషులో అమెచ్యూర్ అను పదము ప్రేమించువాడను అర్థమిచ్చు లాటిన్ పదమునుండి వచ్చినది. వృత్తిగా పందెములాడువాడు కొంత తొందరపడినచో, నా పిల్లల అన్నము దీనిమీద నున్నదని చెప్పుకొనగలడు. ఔత్సాహికునకు ఆ సమాధానము లేదు. గెలిచినను జీతము పెరుగదు, ఓడినను తరుగదు. ఆరవస్థానము ఐదవస్థానమైనచో ఆతని ఇంట ఒక్క గింజయు అదనముగా చేరదు. అట్టిచోట పొడసూపిన కోరిక ఏ అవసరమును కప్పుకొనని కోరిక, నగ్నమైన అహంకారము. ఆతని ప్రేమయు అంతే నగ్నమైనది. రాత్రియంతయు ఎఱ్ఱగా కాలిన ఉక్కు ముందు నిలిచి వచ్చి, తెల్లవారకముందే, ఎవరును అడుగకయే, చలిలో సైకిలు తీసిన మనుష్యుని ఏ లాభము బయటికి తెచ్చినది? ఫలాపేక్ష లేని కర్మ ఎట్లుండునని అడుగువారికి నేను ఆ తెల్లవారుజామును చూపుదును. పందెపు దినమున ఆ నిర్మలమైన పనిలో లెక్క ప్రవేశించెను. సైకిలును తప్పుపట్టి ఏమి ప్రయోజనము?

వినాయకచవితినాడు మనమందరమును ఒక పందెపుకథ వినుచున్నాము. ముల్లోకములందలి నదులన్నింటిలోను మునిగి ముందుగా వచ్చినవానికి గణాధిపత్యమని శివుడు చెప్పగా, కుమారస్వామి నెమలినెక్కి సాగెను. గణపతి తల్లిదండ్రులకు ప్రదక్షిణము చేసెను. కుమారస్వామి ఏ తీర్థమునకు పోయినను అప్పటికే స్నానము చేసి ఎదురుగా వచ్చుచున్న అన్నగారే కనబడుచుండెను. మనము గణపతి బుద్ధిని మెచ్చుకొని అక్షతలు వేసి లేచిపోవుదుము. నేను చాలకాలముగా కుమారస్వామిని గూర్చియే ఆలోచించుచున్నాను. ఆతడు దగ్గరదారి వెదకలేదు. చెప్పిన ప్రకారము ప్రతి తీర్థమునందును నిజముగా మునిగెను. ప్రతి రేవునను తాను ఓడుచున్నట్లు కన్నులార చూచెను. అయినను తరువాతి తీర్థమునకు పోయెను, మధ్యలో మరలలేదు. తిరిగివచ్చి, అన్నగారి మహిమ నెరుగక అట్లంటిని, ఆధిపత్యము ఆయనకే ఇమ్మని తానే వేడెను. ఓటమిని నోట చెప్పుట వేరు, గెలిచినవానికి కిరీటమిమ్మని అడుగుట వేరు. ముదిత అనగా ఏమో చెప్పుటకు ఇంతకంటె మంచి కథ నాకు తెలియదు. అన్ని నదులలో మునిగినవాడు ఆతడొక్కడే యన్న సంగతియు మనము మరువరాదు.

గృహస్థునకు నేను పెద్ద ఉపదేశ మేమియు చేయలేదు. పడినవాని పేరు తెలిసికొంటివా అని అడిగితిని. తెలియదనెను. ముందు అది తెలిసికొమ్మంటిని. మరల పందెములో పాల్గొనవచ్చునా అని ఆతడు అడిగెను. పాల్గొనుము, కాని ఈసారి సాధన చేయునప్పుడు లెక్కించుట మాని, ప్రక్కవాడు బాగుగా తొక్కినప్పుడు నోరు తెరచి ఆ మాట ఆతనితో చెప్పుట అభ్యసింపుము, కాళ్లవలె నాలుకకును అభ్యాసము కావలెను అంటిని. వినుటకు చిన్నపనియే. ఒక వారము ప్రయత్నించిన పిమ్మట ఆతడు, కొండ ఎక్కుటకంటె ఇది కష్టముగా నున్నదని ఫోనులో చెప్పెను.

పడినవాడు ప్రక్క జిల్లాలో ఒక పాఠశాలలో పనిచేయుచున్నాడని నిర్వాహకులద్వారా తెలిసినది. కంఠపుటెముక విరిగి, చేయి కట్టుకట్టుకొని యింట నుండెను. మన గృహస్థు ఒక సెలవుదినమున పండ్లు తీసికొని పోయి, జరిగినదంతయు, ఆ మొదటి తలపుతో సహా, దాచక చెప్పెను. ఆ మనుష్యుడు విని కొంతసేపు ఊరకుండెనట. తరువాత, “మీరెన్నవవారుగా వచ్చితిరి?” అని అడిగెనట. ఆరవవాడననగా, “నేను అంతసేపు గాలి కాచితిని, ముగ్గురిలో ఒకరుగా రాకుంటిరా!” అని నవ్వి, మంచి చేతితో టీ కప్పు అందించెనట.